ఆడిన పూట కూలి

బొగ్గుబావి మీద బతికిన ఇంట్లో పుట్టినవాడికి మస్టరంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. బావి మీద హాజరు పడితేనే ఆ పూట కూలి, పడకపోతే లేదు. మా నాయిన బెల్లంపల్లిలో బొగ్గు నింపే ఫిల్లరుగా తట్టా చెమ్మస్ పట్టినోడు. మొదటి షిఫ్టుకు పోతే పొద్దు వాలే యాళ్లకు ఒళ్లంతా నల్లగా చేసుకుని వచ్చేటోడు. రాత్రి షిఫ్టుకు పోతే మేం బడికి బయల్దేరేటప్పుడు వచ్చి పండుకునేటోడు. నెలలో ఎన్ని మస్టర్లు పడ్డాయన్న లెక్క మీదనే మా ఇంట్లో ఉప్పూ పప్పూ, పండుగ బట్టలూ, చిట్టీ వాయిదాలూ నడిచేవి. నేను పెద్దయినంక జిల్లా పరిషత్ బడుల్లో పీఈటీగా, ఊళ్లో అందరూ పిలిచినట్టు చెప్పాలంటే డ్రిల్లు సారుగా, మంచిర్యాల దిక్కు కొన్నేండ్లు, జగిత్యాల దిక్కు కొన్నేండ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏ కప్పు గురించి చదివినా, ఏ గెలుపు గురించి విన్నా నాకు ముందు తట్టే ప్రశ్న ఒకటే. ఆడిన పూట వాళ్లకు కూలి ఎవరిచ్చారు?

ఆ ప్రశ్న పట్టుకునే హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు కథ చెబుతాను. 1950 సీజన్‌లో ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు రెండూ గెలిచింది. దేశంలో పేరున్న నాకౌట్ పోటీలలో రెండింటిని ఒక్క సీజన్‌లో దక్షిణాది పోలీసు జట్టు ఎత్తుకుపోయింది. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆటలాడే పిల్లలకు ఈ ముచ్చట చెబితే కండ్లు పెద్దవి చేసుకుని వింటారు. ఎందుకంటే ఇంతకుముందు వాళ్లకది ఎవరూ చెప్పి ఉండరు.

ముందు ఆ కప్పుల సంగతి. డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లా కొండల మీద, అన్నన్‌డేల్ మైదానంలో పుట్టింది. పెట్టినవాడు అప్పటి బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్. అఫ్ఘానిస్తాన్ సరిహద్దు గీతకు పేరిచ్చిన మనిషే. ఆసియాలో ఇంతకన్నా పాత ఫుట్‌బాల్ పోటీ లేదు. రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో మొదలైంది. రెండూ తెల్ల పటాలాల కోసం పెట్టినవే. అర్ధ శతాబ్దం పాటు వాటి మీద చెక్కిన పేర్లన్నీ రెజిమెంట్లవే. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ రోవర్స్ గెలిచింది. గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1940లో కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ డ్యూరాండ్‌ను గెలిచింది. ఆ తర్వాత యుద్ధం, దేశ విభజన. తొమ్మిదేండ్లు డ్యూరాండ్ జరగనే లేదు. 1950లో, గణతంత్రం వచ్చిన ఏడే, ఢిల్లీలో మళ్లీ మొదలైంది.

నాకౌట్ పోటీ నియమం పసిపిల్లలకు కూడా తెలుసు. ఓడితే ఇంటికి, గెలిస్తే పై ఆటకు. కాని ఆ గెలుపుకు ఎంత ఖర్చవుతుందో బయటివాళ్లకు తెలియదు. రెండు మూడు రోజుల రైలు ప్రయాణం చేసి పరాయి ఊరికి చేరాలి. మొదటి రౌండులోనే ఓడితే ప్రయాణమంతా వృథా. గెలుస్తూ పోతే వారాల తరబడి ఆ ఊళ్లోనే ఉండాలి. ఫైనల్ డ్రా అయితే మళ్లీ ఆడాలి. అన్నాళ్లూ తిండి, బస ఒక ఎత్తు, ఇంటి దగ్గర పొయ్యి మండడం ఇంకో ఎత్తు. డ్యూరాండ్ విజేతల పట్టిక ముందు పెట్టుకుని చూడండి. 1955లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్. 1958లో మళ్లీ అదే జట్టు. 1966, 1969లో గూర్ఖా బ్రిగేడ్. ఆ తర్వాత ఎన్నోసార్లు సరిహద్దు భద్రతా దళం. ఆట నేర్చినవాళ్లు దేశమంతా ఉన్నారు. కాని నెల జీతం ఆగకుండా ఆడగలిగినవాళ్లే కప్పు దాకా వెళ్లారు. అభిమానుల చందాలు, టికెట్ల డబ్బు ఉన్న కలకత్తా పెద్ద క్లబ్బులు ఒక్కటే ఇందుకు మినహాయింపు.

హైదరాబాద్ ఆ జీతాన్ని ఖాకీ చొక్కాలో పెట్టింది. బాగా ఆడే కుర్రవాణ్ణి చూస్తే పోలీసులోకి తీసుకునేవాళ్లు. నెల తిరిగేసరికి జీతం, పొద్దున్నే మైదానం. ఇది దానం కాదు, ఉద్యోగం. ఆ కుర్రవాడి తల్లి మరుసటి రోజు బియ్యం గురించి బెంగపడే పని తప్పింది. ఆ మనశ్శాంతి ఆటలో ఎంత బలమో, కూలి మీద బతికే పిల్లలకు ఆట నేర్పిన నాకు బాగా తెలుసు.

1950 నాటి పోలీసు అన్నాను కనుక మా జిల్లాలవాళ్లకు కలుక్కుమనే సంగతి దాచకూడదు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో తెలంగాణ సాయుధ పోరాట యోధుడు అనభేరి ప్రభాకర్‌రావు, ఆయన దళం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగారు. అదే ఏడు సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. సాయుధ పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు. అంటే సిటీ పోలీసు జట్టు బొంబాయిలో, ఢిల్లీలో కప్పులు ఎత్తుతున్న రోజుల్లో మన ఊళ్లల్లో ఖాకీ బట్ట కనబడితే తలుపులు మూసుకునేవాళ్లు. ఆ జట్టులో ఆడినవాళ్లు నగరపు గల్లీల పిల్లలు, ఆట కోసం ఆ బట్ట తొడుక్కున్నవాళ్లు. మా ఊళ్లను కాల్చిన తుపాకులతో వాళ్లకు సంబంధం లేదు. అయినా ఆ గెలుపు మా జిల్లాల్లో ఎవరింట్లోనూ పండుగ కాలేకపోవడానికి ఆ బట్ట రంగు ఒక కారణమని నేను నమ్ముతాను. మా నాయిన తరంవాళ్లు పోలీసు జట్టు అన్న మాటలో పోలీసునే విన్నారు, జట్టును వినలేదు.

ఢిల్లీకి పోయే పెద్ద రైలు దారి మాత్రం మా ముంగిలి నుంచే పోతుంది. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం దాటి, గోదావరి వంతెన ఎక్కి, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూర్ కాగజ్‌నగర్ మీదుగా ఆ దారి ఉత్తరానికి తిరుగుతుంది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఆనాటి నుంచీ ఆ పట్టాల మీదే. అటు బొగ్గు పోయింది, కలప పోయింది, కాగితం పోయింది. ఆట మాత్రం మా స్టేషన్లలో దిగలేదు.

ఆ జట్టును తయారు చేసినవాడు బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1950లో సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యాడు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూసేదాకా ఆ జట్టును వదల్లేదు. ఈమధ్య ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. అందులో దేశం జట్టు కోచ్‌గా చూపించారు, మంచిదే. కాని నాకు దగ్గరైనవాడు బడిలో విజిల్ పట్టుకున్న రహీం సాబ్. ఎందుకో చెబుతాను.

ఆయన పిల్లలకు వింత వింత పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి వచ్చిందా, వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలుతోనే ఆడాలి. ఎత్తు కొలిచి, పొట్టి పిల్లలకు విడిగా పెట్టే పోటీలు కూడా ఉండేవి. ఇవన్నీ ఆటలాగే కనబడతాయి, కాని ఒక్కొక్కటీ ఒక పాఠం. బంతి తనదగ్గరే అట్టిపెట్టుకునే యావ మొదటిది వదిలిస్తుంది. ఒక వైపు నుంచే ఆడగలిగే లోపం రెండోది తీరుస్తుంది. మూడోది పొడుగు పిల్లల నీడలో పడి బెదిరిపోయే బక్క పిల్లవాడికి మైదానంలో చోటిస్తుంది. పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, సున్నం, ఒక సారు చాలు.

ఈ సంగతి చదివినంక నేను జగిత్యాల దిక్కు బడిలో ఎడమకాలి పోటీ పెట్టాను. మొదట్లో పోరలు నవ్వి కింద పడ్డరు. బంతి ఒక దిక్కు, కాలు ఒక దిక్కు. వారం తిరిగేసరికి నవ్వు పోయింది, ఆట వచ్చింది. అంతదాకా కుడికాలి మొనగాళ్లుగా చెలామణి అయిన ఇద్దరు ముగ్గురు వెనకపడ్డరు. ఎవరూ పట్టించుకోని ఒక బీడీ కార్మికురాలి కొడుకు ముందుకొచ్చిండు. పుట్టుకతోనే ఎడమకాలి వాటం వాడిది. "సార్, ఇన్నొద్దులు నన్ను తప్పుగ తంతున్నవని అన్నరు గదా" అన్నాడు వాడు. ఆ మాట విన్నప్పుడు రహీం సాబ్ బతికుంటే ఉత్తరం రాసేవాణ్ణి.

1950 డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీసుకు ఎదురు నిలిచింది మోహన్ బగాన్. 1911లో బూట్లేసుకున్న తెల్ల పటాలాన్ని ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన క్లబ్బు అది. ఆ పేరు వింటేనే ఎదుటి జట్టు సగం బెదిరేది. ఫైనల్లో బగాన్ రెండు గోల్స్ ముందుకు పోయింది. రెండు గోల్స్ వెనకబడిన జట్టు, పేరులో తమకంటే పెద్దదైన జట్టు ముందు, పరాయి ఊళ్లో నిలబడ్డది. అప్పుడు ఆటగాళ్లు మార్పిడి చేసే పద్ధతి లేదు. కాలు బెణికినా, ఊపిరి అందకపోయినా ఆ పదకొండు మందే చివరిదాకా ఉండాలి. పోలీసు జట్టు రెండు గోల్సూ తీర్చింది. 2–2 దగ్గర ఆట ముగిసింది. మళ్లీ ఆడినప్పుడు 1–0తో కప్పు పోలీసుది.

ఆ మళ్లీ ఆడడం గురించి ఆగి ఆలోచించాలి. రెండోసారి ఆడటానికి ఢిల్లీలో ఇంకా ఉండాలి. కూలి మీద బతికే జట్టైతే ఆ రోజుకు సగం మంది రైలెక్కి ఉండేవాళ్లు. సిటీ పోలీసు ఆటగాళ్లు ఉన్నారు, ఉండగలిగారు. ఆటగాడికి జీతమిచ్చేవాడు ఉంటే ఏమవుతుందో ఆ రెండో ఆటలోనే ఉంది.

తర్వాతి గెలుపులు వేగంగా చెబుతాను. రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు. ఆ వరస తెంచి 1955లో బగాన్ గెలిచింది. సిటీ పోలీసు, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో అదే జట్టు, పంచుకున్నది కూడా కలిపితే మొత్తం 9 సార్లు రోవర్స్ విజేత. డ్యూరాండ్ 1950, 1954, 1957, 1961లో. 1952లో, 1956లో ఫైనల్ దాకా పోయి ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడింది. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 1956లో, 1957లో వరసగా గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరిన భారత జట్టుకు కోచ్ రహీం. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం లాంటి మన నగరం పిల్లలున్నారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి తెచ్చిన బంగారు పతకం రహీం చివరి గెలుపు.

బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాని దగ్గర ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నాడు. రహీం అతన్ని చూసి నగరంలోని ఫతే మైదాన్‌కు రమ్మన్నాడు. రాను పోను ఖర్చు పెట్టుకోలేనని పిల్లవాడు చెప్పాడు. రహీం సైకిలు కిరాయికి డబ్బులిచ్చాడు. 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయి ఆ క్లబ్బు పేరు నిలబెట్టాడు. సైకిలు కిరాయి అనేది చాలా చిన్న మాట. కాని నా ఉద్యోగంలో చూసినంతవరకు, మైదానానికి రాకుండా ఆగిపోయిన పిల్లల్లో ఎక్కువమంది ఆగింది ఆ కిరాయి దగ్గరే. బస్సు చార్జీ, బూట్లు, ఆ పూట అన్నం. ఆట రాక ఆగినవాళ్లు తక్కువ.

ఈ కూలి ప్రశ్న మీదనే ఇంగ్లండులో ఒక ఆట రెండు ముక్కలైంది. వ్యాయామ విద్య చదివేటప్పుడు రగ్బీ చరిత్రలో ఆ ఘట్టం చదివి, ఇది మా బెల్లంపల్లి కథలాగే ఉందే అనుకున్నాను. 1890ల్లో ఉత్తర ఇంగ్లండులో రగ్బీ ఆడేవాళ్లు బొగ్గుగని కార్మికులు, బట్టల మిల్లు కూలీలు. శనివారం ఆటకు పోతే ఆ పూట జీతం కోత. పోయిన జీతం క్లబ్బు ఇచ్చేలా అనుమతించండని 1893లో లండన్ సమావేశంలో అడిగారు. 282 ఓట్లు వ్యతిరేకంగా, 136 అనుకూలంగా పడ్డాయి. ఆటను ఆట కోసమే ఆడాలి, డబ్బు ముట్టకూడదు అన్నది దక్షిణాది దొరల నీతి. ఆస్తులున్నవాడికి ఆ నీతి ఖర్చు లేనిది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. ఆడిన రోజుకు, పోయిన కూలి కింద 6 షిల్లింగులు ఇవ్వొచ్చన్నాయి. రగ్బీ లీగ్ అన్న ఆట అలా పుట్టింది.

వాళ్లు పెట్టుకున్న నాకౌట్ పోటీ పేరు చాలెంజ్ కప్పు. మొదటి సీజన్ 1896–97. ఫైనల్ 1897 ఏప్రిల్ 24న లీడ్స్ నగరంలో హెడింగ్లీ మైదానంలో. పాత గుడ్డపేలికలు నలగ్గొట్టి మళ్లీ బట్ట నేసే బాట్లీ పట్నం ఒక వైపు, బొగ్గు, గాజు పనుల సెయింట్ హెలెన్స్ ఇంకో వైపు. సెయింట్ హెలెన్స్ ఆటగాళ్ల చొక్కాలు ఒకదానితో ఒకటి కలవలేదని చెబుతారు. బాట్లీ 10–3తో గెలిచింది. మా ఊళ్లల్లో కబడ్డీ ఫైనల్‌కు తలా ఒక రంగు బనీనుతో దిగిన జట్లను నేను ఎన్ని చూశానో! ఆ చొక్కాల ముచ్చట చదివినప్పటి నుంచి ఆ పరాయి దేశపు జట్టు నాకు పక్క ఊరి జట్టైంది.

ఆ కప్పులోనే 1983లో ఫెదర్‌స్టోన్ అనే చిన్న బొగ్గు పట్నం, పెద్ద నగరం హల్ జట్టును 14–12తో వెంబ్లీ మైదానంలో ఓడించింది. చివరి నిమిషాల్లో స్టీవ్ క్విన్ కొట్టిన పెనాల్టీ కప్పు తెచ్చింది. 1985లో, గని కార్మికుల పెద్ద సమ్మె తర్వాత, ఆ ఊరి ఆక్టన్ హాల్ గని మూతపడింది. బావులు మూతపడితే ఊరు ఎట్లా అవుతుందో బెల్లంపల్లివాళ్లకు వేరే చెప్పాలా? ఫెదర్‌స్టోన్ క్లబ్బు మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు బతికింది. అంతకు తొంభై ఏండ్ల ముందు ఆడినవాడి కూలి గురించి కొట్లాడి కట్టుకున్న పద్ధతి, గని పోయినా క్లబ్బును నిలబెట్టింది.

మళ్లీ మన దిక్కుకు వస్తాను. కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లల్లో నాకౌట్ పోటీ అంటే కబడ్డీ, ఆ తర్వాత వాలీబాల్. సంక్రాంతికో, దసరాకో, శివరాత్రి జాతరకో, లేదంటే చనిపోయిన యువకుడి జ్ఞాపకానికో పెడతారు. ఎంట్రీ ఫీజు కడతారు. చీటీలు వేసి జోడీలు కడతారు. జట్ల లెక్క బేసి వస్తే ఒకరికి బై. నేల దున్ని, రాళ్లేరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి, ట్యూబులైట్లు కట్టి రాత్రంతా ఆడిస్తారు. 32 జట్లొస్తే 31 ఆటల్లో అంతా తేలిపోతుంది. మొదటి రౌండుతోనే సగం జట్లు ఇంటిబాట పడతాయి. మా ఊళ్లల్లో లీగు పోటీలు ఎందుకు లేవు, నాకౌట్లే ఎందుకున్నాయని ఒక యువ పీఈటీ నన్నడిగాడు. జవాబు కూలిలోనే ఉంది. లీగంటే నెలల పని. మా ఆటగాళ్లు ట్రాక్టరు నడుపుతారు, సుతారి పనికి పోతారు, వరి కోతలకు పోతారు. వాళ్లు ఇవ్వగలిగింది ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు. ఆ రెండు రాత్రుల్లో ముగిసే పోటీ నాకౌట్ ఒక్కటే.

జగిత్యాల దిక్కు ఒక ఊళ్లో నేను అంపైరుగా ఉన్న పోటీ ఒకటి మరిచిపోలేను. ఒక చిన్న ఊరి జట్టు సెమీఫైనల్ దాకా అందరినీ పడగొట్టుకుంటూ వచ్చింది. వాళ్ల రైడరు బక్కపలచటి పోరడు. కాలు అందితే చాలు, గీత మీద వేలు ఆనిస్తే చాలు, పాము జారినట్టు జారిపోయేవాడు. సెమీస్ గెలిచేసరికి తెల్లవారింది. ఫైనల్ మధ్యాహ్నం అన్నారు. ఆ పోరడు నా దగ్గరికి వచ్చి, "సార్, మాది ఫైనల్ ఇప్పుడే ఆడియ్యరాదు" అన్నాడు. ఎదుటి జట్టు ఒప్పుకోలేదు, వాళ్లూ రాత్రంతా ఆడి అలసిపోయారు. "ఎందుకురా తొందర" అని అడిగితే, "ఇయ్యాల స్లాబు పోస్తున్నరు సార్. నేను పోకుంటే మేస్త్రి ఇంకొకణ్ణి పెట్టుకుంటడు" అన్నాడు. బకెట్లో నీళ్లతో మొహం కడుక్కుని, సైకిలెక్కి పోయాడు. మధ్యాహ్నం ఆ జట్టు ఆరుగురితో ఫైనల్ ఆడి ఓడిపోయింది. షీల్డు మాత్రం చాలా పెద్దది పెట్టారు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేదు.

ఆ పోరనికి, డ్యూరాండ్ ఫైనల్ రెండోసారి ఆడటానికి ఢిల్లీలో ఉండిపోయిన కానిస్టేబుల్‌కు మధ్య ఆటలో తేడా ఎంతో నేను చెప్పలేను. తేడా ముఖ్యంగా జీతంలో ఉంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలుగు రహీం పోయినంక ఎంతో కాలం నిలవలేదు. 1965 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ ట్రోఫీ మనకు మళ్లీ రాలేదు. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోయాయి. బళ్లల్లో పిల్లలకు ఆటలు పెట్టే రహీం లాంటి సార్లు తగ్గారు. ఊరి మైదానాల మీద ఇండ్లు లేచాయి. ఇంకో కారణం నన్ను ఎక్కువ బాధ పెడుతుంది. ఆ వెలుగు వెలిగిన పదమూడేండ్లలో కూడా అది నగరం దాటి జిల్లాలకు రాలేదు. ఫతే మైదాన్ నుంచి బొంబాయి కూపరేజ్ మైదానానికి దారి ఏర్పడింది గాని, ఫతే మైదాన్ నుంచి కరీంనగర్‌కు ఏర్పడలేదు. అంతమంది గెలిచిన ఆటగాళ్లలో నలుగురిని నాలుగు జిల్లాల పోలీసు హెడ్‌క్వార్టర్లకు పంపి, అక్కడి పిల్లలకు నేర్పించి ఉంటే, ఉట్నూరు దిక్కు ఆశ్రమ పాఠశాలల గోండు పిల్లల ఊపిరి, మా బొగ్గుబావుల పిల్లల మొండితనం ఆ ఆటకు దక్కేవి. ఊపిరి, మొండితనం ఈ రెండూ ఉన్న పిల్లలను నేను ఉద్యోగమంతా చూశాను.

2024లో తెలంగాణ ప్రభుత్వం బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగాలిచ్చింది. సంతోషించాను. నిఖత్ మన పక్క జిల్లా నిజామాబాద్ బిడ్డ, రెండుసార్లు ప్రపంచ చాంపియన్. ఆమెకు ఎంత ఇచ్చినా తక్కువే. అయితే 1950లో జరిగింది దీనికి తలకిందులు. అప్పుడు ముందు ఉద్యోగం, తర్వాత కప్పు. ఇప్పుడు ముందు ప్రపంచాన్ని గెలవాలి, తర్వాత ఉద్యోగం. ప్రపంచాన్ని గెలిచేదాకా ఆ బిడ్డను సాకేది తల్లిదండ్రులే. సాకలేని తల్లిదండ్రుల బిడ్డలు మధ్యలోనే సుతారి పనికి పోతారు. నా తీర్పు ఇది: నూర్ మహమ్మద్‌ను, అజీజుద్దీన్‌ను తయారు చేసిన పద్ధతే సరైన పద్ధతి.

కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. పిల్లలను చిన్నప్పుడే తీసుకుని తిండి, బస, చదువు, ఆట అన్నీ ఇస్తాయి. పది దాటి, ఇంటర్ దాటి బయటికి వచ్చిన పిల్లవాడికి పద్దెనిమిదేండ్ల నుంచి ఇరవై రెండేండ్ల దాకా నెలకింత జీతమిచ్చే చిన్న కొలువు ఏదైనా ఉండాలి. పోలీసులో కావచ్చు, ఆర్టీసీలో కావచ్చు, బొగ్గుబావుల్లో కావచ్చు. పతకం అడగకుండా, ఆట చూసి ఇచ్చే కొలువు. ఒక్కో జిల్లాకు పది ఉన్నా చాలు.

అది ప్రభుత్వం చేయవలసింది. ఊళ్లల్లో పోటీలు పెట్టే యువజన సంఘాల తమ్ముళ్లు ఈ సంక్రాంతి నుంచే చేయగలిగింది ఒకటుంది. షీల్డు ఎత్తు ఒక అడుగు తగ్గించండి. డీజే వద్దనుకోండి. ఆ పైసలు పక్కన పెట్టి, ఫైనల్‌కు వచ్చిన రెండు జట్ల పద్నాలుగు మందికి ఆ రోజు కూలి చేతిలో పెట్టండి. ఫైనల్ ఆడే పోరడు ఆ రోజు స్లాబు పనికి పోవలసిన అవసరం రాకుండా చూడండి.